మా చేతులు సాఫ్ లేవట!

మా తాతది తోలు పని. మా నాయినది మందుల కంపెనీల డ్రమ్ములు దొర్లించే పని. నాది చాక్‌పీసు పని. మూడు తరాల చేతులు మూడు తీర్ల పనులు చేసినయి. మూడు తరాల చేతులకూ ఒక్కటే మాట పడ్డది – సాఫ్ లేవు అని. తాతకు ఊరు అన్నది. నాయినకు కంపెనీ గేటు కాడ అన్నరు. నాకు వాలీబాల్ కోర్టుల అన్నరు. ఊరు అన్న మాట మీద మనోళ్ళు మస్తు రాసిండ్రు. కంపెనీ గేటు కాడి మాట మీద కొంత రాసిండ్రు. కోర్టుల అన్న మాట మీద రాసింది నా కండ్లవడలేదు. అందుకే రాస్తున్న.

"ఆటల కులమేంది టీచర్? అందరికీ ఒక్కటే రూల్ కదా" అని స్టాఫ్‌రూముల అంటుంటరు. రూల్ ఒక్కటే. కాదన్నదెవరు? ఆ రూల్‌ను చూసే కన్ను ఎవరిది? ఆ కన్ను ముందట నిలవడ్డ చేతులు పొద్దటి నుంచి ఏం పని చేసి వచ్చినయి? ఈ రెండూ అడగకుండా రూల్ ఒక్కటే అంటే సగం మాట చెప్పినట్టు.

మా ఊరు పాత మెదక్ జిల్లాల. తాత లంద కాడనే బతికిండు. తోళ్ళు సున్నంల నానబెట్టి, తంగేడు చెక్కతోని పదును చేసి, మోట బొక్కెనలు, చెప్పులు కుట్టేటోడు. డప్పు కూడ మూసేటోడు. ఊరి పొలాలకు నీళ్ళు పారింది తాత కుట్టిన బొక్కెనలతోనే. ఆ బొక్కెనల నీళ్ళు వరికి మైల కాలేదు, ఆ వరి తిన్నోళ్ళకు మైల కాలేదు. తాతకు దూపైతే మాత్రం దొర వాకిట్ల వంగి దోసిలి పట్టాలె. పైనుంచి పోస్తరు. "దోసిలి పట్టుడు కూడ పనే బిడ్డా" అని తాత చెప్తుండె. "రెండు చేతులు ఒక్కటై ఉండాలె. సందు వడ్డదంటే నీళ్ళు కారిపోతయి. మళ్ళ పొయ్యరు."

1980లల్ల కరువుకు ఊరిడిసి నాయిన జీడిమెట్ల వచ్చిండు. అప్పటికే ఇది పెద్ద పారిశ్రామికవాడ. మందుల కంపెనీలు, రంగుల కంపెనీలు, ప్లాస్టిక్ కంపెనీలు, ఇనుప పనులు. షాపూర్‌నగర్ అడ్డా మీద నిలవడితే కాంట్రాక్టర్ వచ్చి ఏరుకొని పోయేటోడు. నాయినకు డ్రమ్ముల పని దొరికింది. డ్రమ్ముల ఏముందో ఎవరూ చెప్పలేదు. సాయంత్రం ఇంటికి వస్తే వేళ్ళ కొసలకు తోలు పొరలు పొరలుగ లేచేది. అవ్వ కొబ్బరినూనె రాసేది. జీతం రోజు రిజిస్టర్‌ల వేలిముద్ర పెట్టే కాడ గుమాస్తా అనేటోడట: "నీ చేతులు సాఫ్ లేవు, కాయిదం ఖరాబైతది, పోయి కడుక్కొని రా." ఎన్నిసార్లు కడిగినా అవి అంతే. ఇయ్యాల రేషన్ దుకాణంల మిషన్ మీద నాయిన వేలు పెడితే మిషన్ గుర్తువట్టదు. గీతలే లేవు. ముప్పై ఏండ్ల పని ఆ గీతలను తినేసింది.

నేను 1989ల ఈ బస్తీలనే పుట్టిన. ఇప్పుడు జీడిమెట్ల అంటే పక్కన ఫ్లైఓవర్లు, అపార్ట్‌మెంట్లు చూపిస్తరు. మాకు జీడిమెట్ల అంటే రాత్రి పది దాటినంక లేచే వాసన. కిటికీ మూసినా వచ్చే వాసన. హైటెక్ సిటీల అద్దాల మేడలు లేచే కాలంల మా బస్తీల నల్లా కాడ బిందెల వరుస లేస్తుండె. ఒకటే పట్నం, రెండు లోకాలు.

ఆ బస్తీల ఆటంటే వాలీబాల్. క్రికెట్‌కు బ్యాట్లు, ప్యాడ్లు కావాలె. వాలీబాల్‌కు రెండు గుంజలు, ఒక తాడు, ఒక బాల్ చాలు. తెలంగాణ, ఆంధ్ర పల్లెలల్ల ఈ ఆట అంతగనం పాకింది ఇందుకే. కంపెనీ వెనుక గోడకు ఆనుకొని ఖాళీ జాగ ఉండె. షిఫ్టు దిగిన కూలోళ్ళు ఆడ కూడేటోళ్ళు. పాలమూరోళ్ళు, శ్రీకాకుళమోళ్ళు, ఒడిశా వాళ్ళు, బీహార్ వాళ్ళు. ఓడినోళ్ళు సోడాలు తాపాలె. 1986ల సియోల్ ఏషియన్ గేమ్స్‌ల మన దేశం జట్టు వాలీబాల్‌ల కంచు పతకం తెచ్చింది. ఆ జట్టుల ఆడిన పి.వి. రమణ రైల్వే ఉద్యోగి. ఇప్పుడైతే సింధు నాయిన అంటేనే అందరికీ తెలుస్తది. అప్పుడు మా నాయినకు తెల్సింది ఒక్కటే – "ఈ ఆట మంచిగ ఆడితే రైల్వేల కొలువు వస్తది." అందుకే ఆడపిల్లవని ఆపలేదు.

బాల్ పాతది, తోలుది. నెలకొకసారి కుట్టు ఊడేది. నాయిన పెట్టె అడుగు నుంచి తాత ఆరె తీసి కుట్టేటోడు. కుట్టుకుంట ఒకసారి అన్నడు: "ఈ బాల్ కుట్టినోడు కూడ మనోడే అయి ఉంటడు." ఆ మాట ఊరికే అన్నడనుకున్న. డిగ్రీకి వచ్చినంక చదివి తెల్సుకున్న. దేశ విభజన తర్వాత సియాల్‌కోట్ నుంచి వచ్చిన క్రీడా సామగ్రి పరిశ్రమ జలంధర్, మీరట్‌లల్ల పాతుకుంది. జలంధర్ బస్తీలల్ల ఇండ్లల్ల కూసొని బంతులు కుట్టిన కుటుంబాలు చాలావరకు దళిత కుటుంబాలే. ఆడోళ్ళు, పిల్లలు కూడ కుట్టిండ్రు. నాయిన చదువుకోకుండనే కుట్టును చూసి కులం చెప్పిండు.

పల్వంకర్ బాలూ సంగతి కూడ అప్పుడే చదివిన. చమార్ కులంల పుట్టిన బౌలర్. 1911ల ఇంగ్లండ్ పోయిన భారత జట్టుల వందకు పైగ వికెట్లు తీసిండు. అటువంటి బాలూకు పూణేల ఆడే రోజులల్ల చాయ్ విరామంల పెవిలియన్ బయట, వేరే మట్టి ముంతల చాయ్ పోసేటోళ్ళు. ఆయన విసిరిన బంతిని బ్రాహ్మలు పట్టుకునేటోళ్ళు, మళ్ళ ఆయనకే విసిరేటోళ్ళు. బంతికి లేని మైల కప్పుకు ఎక్కడి నుంచి వచ్చింది? 1927ల మహద్ చెరువుల అంబేడ్కర్ చెయ్యి పెట్టి నీళ్ళు తాగి అడిగింది కూడ ఈ తాకుడు సంగతే. మన చరిత్ర అంతా ఎవరు దేన్ని తాకొచ్చు అనే పంచాయితే.

ఇప్పుడు అసలు సంగతికి వస్త. మా దిక్కు సెట్టర్ అనరు, లిఫ్టర్ అంటరు. కొట్టేటోన్ని షూటర్ అంటరు. జట్టుకు మూడు టచ్‌లు. ఒకరు అందుకుంటరు, రెండో టచ్ లిఫ్టర్‌ది, లేపిన బాల్‌ను షూటర్ కొడతడు. చప్పట్లన్నీ షూటర్‌కే. లిఫ్టర్ పనంతా ఇంకొకరు కొట్టేటందుకు బాల్ లేపుడు. నాయిన లిఫ్టర్. నేనూ లిఫ్టర్‌నే అయిన.

లిఫ్టర్ బాల్‌ను నొసటి మీద, పది వేళ్ళతోని అందుకొని ఆ క్షణమే వదలాలె. బాల్ బరువు 260 నుంచి 280 గ్రాములు. చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు. రెండు చేతులు ఒక్కసారే తాకాలె. ఒక చెయ్యి ముందు తాకి ఇంకొకటి రెప్పపాటు వెనుక తాకితే అది డబుల్ టచ్. ఎత్తు మీద నిలవడ్డ రిఫరీ విజిల్ ఊది రెండు వేళ్ళు లేపుతడు. పాయింట్ ఎదుటోళ్ళకు పోతది. తాత దోసిలి మాట ఇక్కడ అక్షరాల పనికొస్తది. సందు పడొద్దు.

గని ఒక తేడా ఉంది. బాల్ గీత మీద పడ్డదా, అవతల పడ్డదా అంటే మట్టి మీద గుర్తు ఉంటది. నెట్‌కు చెయ్యి తాకిందంటే నెట్ ఊగుతది. డబుల్‌కు ఏ గుర్తూ ఉండదు. రిఫరీ కన్నే సాక్షి, రిఫరీ కన్నే జడ్జి. "బాల్ తిరిగింది, కాబట్టి డబుల్" అని చాలామంది ఊదుతరు. రూల్ బుక్కుల తాకుడు మాట ఉంది గని తిరుగుడు మాట లేదు. చెమట చేతులతోని ఒక్కసారే తాకినా బాల్ తిరుగుతది. అప్పటికే తిరుక్కుంట వచ్చిన బాల్ అట్లనే తిరుక్కుంట పోతది. తిరగకుండ పోయిన బాల్‌కు కూడ డబుల్ జరిగి ఉండొచ్చు. చూసేటోనికి చేతులు కనిపించవు, చేతుల వెనుక ఉన్న మనిషి కనిపిస్తది.

నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు, 2002ల అనుకుంట, స్కూళ్ళ పోటీలకు పోయినం. మాది సర్కారు బడి. ఎదురుంగ ఒక ప్రైవేటు బడి. వాళ్ళకు కోచ్ ఉన్నడు, బూట్లున్నయి, వెనుక నంబర్లు రాసిన బనీన్లున్నయి. మాకు స్కూల్ డ్రెస్సు, ఉత్త కాళ్ళు. మొదటి సెట్టుల నేను లేపిన బాల్‌కు అయిదుసార్లు విజిల్. అయిదుసార్లు రెండు వేళ్ళు. "సార్, ఎట్ల డబుల్?" అని అడిగిన. "బాల్ తిరుగుతలేదా? చేతులు సాఫ్ లేవమ్మా" అన్నడు. ఎదుటి లిఫ్టర్ లేపిన బాల్ కూడ తిరుగుతనే ఉంది. ఆ విజిల్ అటు దిక్కు ఒక్కసారి కూడ మోగలే.

ఆయన కావాలని చేసిండని నేననను. మనం పగల కోసం రాస్తలేము, లెక్క కోసం రాస్తున్నం. బూట్లు తొడిగిన పిల్ల చేతుల బాల్ తిరిగితే చెమట అనుకున్నడు. ఉత్త కాళ్ళ పిల్ల చేతుల తిరిగితే డబుల్ అనుకున్నడు. ఆయన కన్ను ఏది చూడ అలవాటు పడ్డదో అదే చూసింది. కులం అనేది ఎప్పుడూ తిట్టు రూపంల రాదు. ఒక్కొక్కసారి అనుమానం రూపంల వస్తది. ఇద్దరి మీద సమానంగ రావలసిన అనుమానం ఒక్కరి మీదనే వస్తది.

ఆరో విజిల్‌కు ముందే మా సార్ నన్ను లిఫ్టింగ్ నుంచి తీసి వెనుక నిలవెట్టిండు. ఓడిపోయినం. ఇంటికి వచ్చి నాయినకు చెప్పిన. నాయిన నన్ను కంపెనీ వెనుక గోడ కాడికి తీస్కపోయిండు. బాల్ మీద సుద్దతోని అడ్డంగ ఒక గీత గీసిండు. "గీత వంకర పోకుండ గోడకు కొట్టు" అన్నడు. రెండేండ్లు కొట్టిన. పొద్దున వంద, సాయంత్రం రెండు వందలు. పదో తరగతికి వచ్చేసరికి నేను లేపిన బాల్ దీపం లెక్క నిలవడి పోయేది. కాలేజీ జట్టుల లిఫ్టర్‌నే. ఒక్క విజిల్ పడకుండ ఆడిన మ్యాచ్‌లు ఉన్నయి. రైల్వే కొలువు మాత్రం రాలే. బి.ఇడి. చేసి, 2012 డిఎస్సీల టీచర్‌నైన. మా ఇంట్ల డిగ్రీ పట్టా చూసిన మొదటి మనిషిని నేను. మొదటి నెల జీతం రిజిస్టర్‌ల నేను సంతకం పెట్టిన్నని చెప్తే నాయిన ఏం అనలేదు. నా వేళ్ళు పట్టుకొని చూసిండు.

ఇప్పుడు ఈ ప్రాంతంలనే ఒక సర్కారు హైస్కూల్‌ల సోషల్ చెప్తున్న. వ్యాయామ టీచర్ పోస్టు ఖాళీ. బడి విడిచినంక గంటసేపు వాలీబాల్ నేనే ఆడిపిస్త. మా పిల్లల ఇండ్లల్ల మాట్లాడే భాషలు లెక్కపెడితే నాలుగైదు తేలుతయి. కంపెనీ మారలే, కూలోళ్ళ ఊర్లు మారినయి. మా జట్టు లిఫ్టర్ ఎనిమిదో తరగతి పిల్ల. పేరు రాయను. బడి నుంచి ఇంటికి పోయినంక తల్లితోని కూసొని ప్లాస్టిక్ మూతల అంచులు బ్లేడుతోని గీకుతది. సంచికింత అని లెక్క. ఆ పిల్ల బొటనవేళ్ళకు, చూపుడు వేళ్ళకు ఎప్పుడూ గాట్లే. లిఫ్టర్‌కు ముఖ్యమైన వేళ్ళు కూడ అవ్వే. కుడి చేతి వేలికి గుడ్డ కట్టుకొని ఆడితే ఆ చెయ్యి రెప్పపాటు వెనుక తాకుతది. ఎందుకు తాకదు?

పోయినేడు పోటీలల్ల ఆ పిల్లకు నాలుగు డబుల్‌లు పిలిచిండ్రు. నాలుగుసార్లు కూడ బాల్ షూటర్ చేతికి సరిగ్గ పోయింది. ఎక్కువ ఎత్తు లేదు, తక్కువ ఎత్తు లేదు. షూటర్ ఎగిరింది, కొట్టబోయింది. అంతలోనే విజిల్. ఆ నాలుగింటి వల్ల ఎదుటి జట్టుకు ఏం అన్యాయమైంది? ఎవరిని మోసం చేసింది? ఆ పిల్ల నన్ను అడిగింది గూడ ఇదే. "టీచర్, బాల్ కరెక్ట్ పోయింది కదా?" ఆ రోజు నుంచి లిఫ్టింగ్ చెయ్యనంటది. ఆ పిల్లను నిలవెట్టాలంటే నా దగ్గర జవాబు ఉండాలె.

జవాబు ఒక అన్న దగ్గర దొరికింది. పక్క మండలంల వ్యాయామ టీచర్, మనోడే. 2024 ఫిబ్రవరిల అమెరికా కాలేజీల క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ మహిళల వాలీబాల్‌ల ఈ రూల్ సడలించిందని చెప్పిండు. ఆ ఏటి సీజన్ నుంచే అమలైంది. రెండో టచ్‌ల, ఒకే ప్రయత్నంల, బాల్ ఆటగత్తె ఒంటికి ఒకటికంటే ఎక్కువసార్లు తాకినా తప్పు కాదు. షరతు ఒక్కటే: ఆ బాల్ తన జట్టు మనిషికే పోవాలె. నెట్ దాటి అవతలికి పోతే మళ్ళ డబులే. పట్టుకొని విసిరితే ఎప్పటి లెక్కనే తప్పు. ఎందుకు సడలించిండ్రంటే, ఒక రిఫరీ పిలిచేది ఇంకొక రిఫరీ పిలవడు, ఆ తేడాలు తగ్గాలె, ఆట ఆగకుండ సాగాలె అన్నరు. మన దగ్గర పోటీలు ఇంకా పాత రూల్ మీదనే నడుస్తున్నయి.

నాకు సంతోషమైంది. అన్నకు కాలేదు. "తప్పు చెల్లె" అన్నడు. "లిఫ్టర్ చేతులే ఈ ఆటకు అందం. అది తీసేస్తే ఎవడైనా లిఫ్టర్ అయితడు. నువ్వు గోడకు కొట్టి కొట్టి నేర్చుకున్నవు. నేను గట్లనే నేర్చుకున్న. మన పిల్లలు కూడ నేర్చుకోవాలె. రూల్ సడలిస్తే రేపు మనోళ్ళనే అంటరు – వీళ్ళ కోసం రూల్ తగ్గించిండ్రు అని."

ఈ మాటను కొట్టిపారెయ్యలేను. అన్న చెప్పిన దాంట్ల రెండు ముక్కలున్నయి. ఒకటి ఆట గురించి, ఒకటి మన గురించి.

ఆట గురించి ముందు చెప్త. ఈ రూల్ ఇంతకుముందు సగం సడలే ఉంది. అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య 1994ల ఏథెన్స్ మహాసభల కొత్త రూల్స్ ఒప్పుకుంది, 1995 నుంచి అమలు చేసింది. అవతలి నుంచి వచ్చే మొదటి బాల్‌ను అందుకునేటప్పుడు ఒకే ప్రయత్నంల రెండుసార్లు తాకినా తప్పు లేదన్నరు. అప్పుడే కాలుతోని తాకినా తప్పు లేదన్నరు. ఆట చచ్చిపోయిందా? లేదు. కిందవడే బాల్‌లు లేచినయి, ర్యాలీలు పొడుగైనయి. 1998ల లిబరో వచ్చిండు. ఆ తర్వాత సర్వీసు ఎవరిదైనా ప్రతి ర్యాలీకి పాయింట్ పద్ధతి వచ్చింది. అంతకుముందు, 1976ల, బ్లాక్‌కు తాకినంక కూడ మూడు టచ్‌లు ఆడొచ్చన్నరు. వాలీబాల్ రూల్ శిలాశాసనం కాదు. 1895ల అమెరికాల మోర్గన్ ఈ ఆట తయారుచేసిన్నాటి నుంచి మారుకుంటనే వచ్చింది. మొదటి టచ్‌కు సడలింపు సరే అయినప్పుడు రెండో టచ్‌కు వచ్చేసరికి మెరిట్ ఎందుకు యాదికొస్తది?

లిఫ్టర్ పనితనం అంటే ఏంది? పరుగెత్తి బాల్ కిందికి చేరుడు. ఎదుటి బ్లాకర్లు ఎటు ఎగురుతరో కనిపెట్టుడు. ముందుకు చూస్కుంట వెనుకకు లేపుడు. తన షూటర్‌కు ఏ ఎత్తు కావాల్నో యాది పెట్టుకునుడు. ఇవేవీ రూల్ సడలిస్తే పోవు. బాల్ వంకర పోతే షూటర్ కొట్టలేదు, పాయింట్ పోతది. శిక్ష ఆటలనే ఉంది. సాఫ్‌గ లేపే లిఫ్టర్‌కు అప్పుడూ లాభమే, ఎందుకంటే తిరగని బాల్ కొట్టుడు అల్క. పోయేది ఒక్కటే – ఎత్తు మీద నిలవడి చేతుల శుద్ధి చూసే అధికారం. లిఫ్టింగ్ అందం కొంత తగ్గుతదని అన్న అంటే ఒప్పుకుంట. ఆ అందం నాకూ ఇష్టమే. గని అందం తప్పినోళ్ళకు పాయింట్ కోత పెట్టాల్నా?

ఇగ రెండోది, మన గురించి. "నేను కష్టపడ్డ, నా వెనుకటోళ్ళు కూడ పడాలె." మొదటి తరం చదువుకున్నోళ్ళల్ల ఈ మాట మస్తు వింట. సర్కారు బడిల చదివి పైకొచ్చినోడే రిజర్వేషన్ ఎందుకంటడు. గోడకు బాల్ కొట్టుడు నాకు చెయ్యి ఇచ్చింది నిజమే. గని నాకు గోడ ఉండె, సాయంత్రాలు ఉండె, పెట్టె అడుగున తాత ఆరె ఉండె, నిలవడి చూసే నాయిన ఉండె. మా లిఫ్టర్ పిల్లకు సాయంత్రాలు లేవు. ఆ ఖాళీ జాగల ఇప్పుడు గోదాం లేచింది. నేను దాటిన గుంత లోతుగ ఉండెనని, వెనుక వచ్చేటోళ్ళ కోసం దాన్ని పూడ్చొద్దా? మా నాయిన దోసిలి సందులేకుండ పట్టుడు నేర్చుకున్నడు. నాకది నేర్పలే. ఎందుకు నేర్పలే? గ్లాసు అడిగే తరం రావాల్నని.

"వీళ్ళ కోసం రూల్ తగ్గించిండ్రు" అంటరా? అననీయి. అమెరికాల ఈ రూల్ సడలించింది మన కోసం కాదు. అక్కడి కాలేజీ జట్ల కోసం, పెద్ద స్టేడియాలల్ల ఆడే పిల్లల కోసం, నిలవడ్డ కోచ్‌లున్న పిల్లల కోసం. కోచ్ ఉన్నోళ్ళకు సడలింపు ఇస్తే అది ఆట బాగు. లేనోళ్ళు అడిగితే అది మెరిట్‌కు గండి. ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఇంకొక సంగతి. మన దగ్గర స్కూళ్ళ పోటీలల్ల రూల్ బుక్ అక్షరాల నడుస్తదా? కోర్టు 18 మీటర్లు, 9 మీటర్లు ఉండాలె. జాగ లేకుంటే కొంచెం తక్కువ గీస్తరు. గీతలు సున్నంతోని పోస్తరు, రెండో మ్యాచ్‌కు చెరిగిపోతయి. చెట్టు కొమ్మకు బాల్ తాకితే మళ్ళ సర్వీస్ అంటరు. పొద్దు పోతుందని అయిదు సెట్ల మ్యాచ్‌ను మూడుకు కోస్తరు. బస్సు పోతదంటే ఒక్క సెట్‌కు కోస్తరు. గీత రిఫరీలు నలుగురు ఉండాలె, ఒక్కరు ఉంటే ఎక్కువ. ఇవన్నీ సడలింపులే. నేను తప్పు పడతలేను, అట్ల సడలిస్తెనే పోటీలు జరుగుతయి. గని జాగ కోసం సడలుతది, పొద్దు కోసం సడలుతది, బస్సు కోసం సడలుతది, ఆఖరికి చెట్టు కోసం సడలుతది. పిల్ల చేతుల కాడికి వచ్చేసరికి మాత్రం రూల్ అంటే రూల్!

ఇదంతా అన్నకు చెప్పిన. ఆయన మెత్తబడలేదు గని ఒక మాట అన్నడు: "సరే చెల్లె, పెద్ద పిల్లలకు వద్దు. 14 ఏండ్ల లోపోళ్ళకైతే నేను ఒప్పుకుంట. చెయ్యి తయారయ్యే వయసు అది. ఆ వయసుల విజిల్ పడితే లిఫ్టింగే ఇడిసిపెడతరు." ఆ ఒక్క ముక్క మీద కలిసినం.

మా బడి గ్రౌండ్ల ఇప్పుడు అట్లనే ఆడుతున్నం. రెండో టచ్‌కు డబుల్ పిలవం. ఒక నెల చూసిన. ఇంతకుముందు లిఫ్టింగ్‌కు ఒక్క పిల్ల ముందుకు రావాలంటే బతిమాలుకునేది. ఇప్పుడు నలుగురు మేము లేపుతమంటున్నరు. భయం లేని వేళ్ళు బాల్‌ను దూరం కాడ కూడ అందుకుంటున్నయి, అండర్‌హ్యాండ్‌కు దిగుతలేవు. ఎక్కువసార్లు వేళ్ళతోని తాకుతున్నరు కాబట్టి చేతులు ఎక్కువ నేర్చుకుంటున్నయి. విజిల్‌తోని రాని శుద్ధి ఆటతోని వస్తుంది. మా పాత లిఫ్టర్ పిల్ల వారం రోజులు దూరం కూసొని చూసింది. ఎనిమిదో రోజు వేలికి గుడ్డ కట్టుకొనే వచ్చి నెట్ కాడ నిలవడ్డది.

ఇది చదివే విద్యార్థులకు, సంఘాలల్ల తిరిగే అన్నలకు, అక్కలకు ఒక మాట. మనం యూనివర్సిటీ సీట్ల మెరిట్ మీద కొట్లాడుతం, కొలువుల మెరిట్ మీద కొట్లాడుతం. కొట్లాడాలె. గని పన్నెండేండ్ల పిల్ల మీద బడి గ్రౌండ్ల పడే విజిల్ కాడికి మనం పోతలేము. ఆ పిల్లకు సర్టిఫికెట్ రాకుంటే స్పోర్ట్స్ స్కూల్ తలుపు దగ్గరికే పోదు, రేపు స్పోర్ట్స్ కోటా ఫారం నింపే అవసరమే రాదు. పైన కొట్లాడి తెచ్చుకున్న కోటా కింద విజిల్ కాడ ఖాళీ అయితది. మీ ఊర్లల్ల స్కూళ్ళ పోటీలు జరిగితే పోయి చూడుండ్రి. ఏ బడి పిల్లలకు ఎన్ని డబుల్‌లు పిలిచిండ్రో ఒక కాయిదం మీద గీతలు గీయుండ్రి. గుర్తులు ఉండని తీర్పుకు గుర్తులు మనమే పెట్టాలె.

ఈ ఏడు పోటీల మీటింగ్ కోసం కాయిదం రాసిన. అన్న కూడ సంతకం పెట్టిండు. ఇంకా ఆరుగురు టీచర్లు పెట్టిండ్రు, అందుల మన కులమోళ్ళు కానోళ్ళు ముగ్గురున్నరు. రాసింది ఇంతే: 14 ఏండ్ల లోపు పిల్లల పోటీలల్ల రెండో టచ్‌కు డబుల్ పిలవొద్దు. బాల్ నెట్ దాటి పోతే పిలవండి. పట్టుకొని విసిరితే పిలవండి. తన జట్టు పిల్లకే పోతే ఆటను ఆపొద్దు. పిల్ల చేతులు కాదు, బాల్ ఎటు పోయిందో చూడండి.

ఒప్పుకుంటరో లేదో చూడాలె. ఒప్పుకోకుంటే వచ్చే ఏడు మళ్ళ రాస్తం, ఇంకెక్కువ సంతకాలతోని రాస్తం. మా ఇంట్ల దరఖాస్తు రాసుడు నాతోనే మొదలైంది, ఇంత జల్ది ఆగేది లేదు.